ఏ మూతైనా ఏ పెన్నుకైనా

మూడో మూత కూడా పట్టేసింది.

సత్యానందం దాన్ని విప్పి పక్కనున్న ఇంకో పెన్నుకి పెట్టి తిప్పాడు. అదీ పట్టింది. చుట్టు మీద చుట్టు తిరిగి చివర గట్టిగా ఆగింది. ఆయన తలెత్తలేదు. చాప మీద పరిచిన వాటిలోంచి ఇంకో పెన్ను తీసుకున్నాడు.

దానమ్మ కాఫీ గ్లాసుతో వసారా గుమ్మంలోనే నిలబడిపోయింది. తుడవడానికి మూతలు విప్పి పెట్టుకున్న పళ్ళెం చెయ్యి జారి అన్నీ కలిసిపోయాయని ఆయన కేకేసి చెప్పినప్పుడే ఆవిడ గుండెల్లో రాయి పడింది. "పోనీలెండి, అబ్బాయి వచ్చి జతపరుస్తాడు, మీరు లేవండి" అని ఎంతో బతిమాలింది. నా పెన్నుల జతలు నాకు తెలియవా అని నవ్వుతూ చాప మీద కూర్చున్నాడాయన. ఇప్పుడు ఆ నవ్వు లేదు.

మూత తిరిగి బిగిసే మరని చేత్తో కోసే ఇంట్లో ఒక పెన్ను మూత ఇంకో పెన్నుకి పట్టదు. లేతు మీద తిరిగే కర్రకి పళ్ళున్న ఉలి ఆనించి, కొరికిన గాట్లోనే మళ్ళీ కొరుకుతూ ముందుకి జరిగేలా దాన్ని వదలాలి. కాస్త కోయడం, మూత పెట్టి చూడడం, మళ్ళీ కాస్త కోయడం. ఆ మూత ఆ ఒక్క పెన్ను కోసమే తయారవుతుంది. అందుకే ఏలూరులో పట్టాభిరామయ్యగారి పెన్నుల కొట్టుకి చేరేదాకా ప్రతి పెన్నుకీ దాని మూత పెట్టి దారం చుట్టి ఉంచడం ఈ ఇంటి అలవాటు. పొరపాటున కలిసిపోతే జతలు వెతకడానికి పూటంతా చాలదు. ఇవాళ వెతికే అవసరమే రాలేదు. ఏ మూతైనా ఏ పెన్నుకైనా చక్కగా పట్టేస్తోంది.

"ఒరేయ్ ఎడ్విన్," అన్నాడు సత్యానందం. "ఇటు రా."

వీధిలో మోపెడ్‌కి క్యారియరు తగిలిస్తున్న కొడుకు ఆగాడు. రైసుమిల్లుల సామాను బాగుచేసే లేతు షాపులో ఎడ్విన్‌కి ఉద్యోగం.

"ఆలస్యమైపోతోంది నాన్నగారూ. సాయంత్రం చూస్తానండి."

"రా."

ఎడ్విన్ వచ్చాడు. చాప చూశాడు, తల్లి మొహం చూశాడు. అడగకుండానే అంతా అర్థమైపోయింది.

"ఈ మూత దానికి పెట్టి తిప్పు."

"ఎందుకండి?"

"తిప్పమన్నాను."

ఎడ్విన్ మూత పెట్టాడు గానీ తిప్పలేదు. "తిరుగుతుందండి నాన్నగారూ," అన్నాడు నేల చూస్తూ.

"నీకెలా తెలుసు?"

ఎడ్విన్ మూతని తీసి చాప మీద పెట్టాడు.

"డైతో కోశావు. మీ షాపులో ఇనప బోల్టులకి మరలు కోసే డైతో. అవునా?"

"ఇనపది కాదండి. దీనికోసం వేరే చేయించాను," అన్నాడు ఎడ్విన్. అని, ఆ మాట ఎందుకన్నానా అన్నట్టు నాలుక కరుచుకున్నాడు.

వెర్రిబాగులవాడు. దొంగపని కూడా శ్రద్ధగా చేశాడు. తండ్రి కోసినట్టు ఒకటి కాస్త వదులుగా, ఒకటి కాస్త బిగువుగా చేసి ఉంటే ఈ జన్మలో దొరికేవాడు కాదు. చేతకానివాడైనా దొరికేవాడు కాదు. అన్నీ ఒకేలా బాగా చేశాడు, అదే కొంప ముంచింది.

"ఎన్నాళ్ళబట్టి?"

సత్యానందం అడిగింది కొడుకుని కాదు, గుమ్మం వైపు చూస్తూ అడిగాడు. దానమ్మ గ్లాసు కింద పెట్టింది.

"రెండేళ్ళ కిందట మీకు షుగరెక్కువై వేళ్ళ చివర్లు మొద్దుబారాయని, కళ్ళకి శుక్లాలు కూడా కమ్ముతున్నాయని డాక్టరుగారు చెప్పారు చూడండీ... ఆ తర్వాత పట్టాభిరామయ్యగారు ఒక పెన్ను వెనక్కి పంపారండి. మీ చేతికివ్వద్దని నా చేతికిచ్చారు. మర అడ్డంగా పడిందండి. మూత సగం తిరిగి బిగుసుకుపోయి, ఇంక రాలేదు."

"ఒక్కటే పంపాడా?"

"ఆ తర్వాతవి నేనే పంపలేదండి."

"అన్నీ పాడయ్యాయా?"

అవునని చెప్పడానికి దానమ్మకి మొగుడి మొహం అడ్డొచ్చింది.

"నువ్వు పాలిష్‌కని పట్టుకెళ్ళింది అందుకా?" అన్నాడు కొడుకుతో. "నావి పట్టుకెళ్ళి, నీవి పట్టుకొచ్చేవాడివి."

"కర్ర మీదేనండి. చెక్కడం కూడా మీలాగే..."

"నావేం చేశారు?"

ఎడ్విన్ తల్లి వైపు చూశాడు. ఆ ఒక్క సంగతీ వాడికీ తెలియదు. తండ్రి చేసినవి తిరిగి తెచ్చి తల్లికిచ్చేవాడు, అంతే.

"దానమ్మా, నావేం చేశావు?"

"ఇంట్లో ఉంటే మీ కంట పడతాయని భయమేసిందండి."

"ఏం చేశావు?"

"నీళ్ళపొయ్యిలో పెట్టేశానండి."

బయట ఉంగుటూరు వెళ్ళే ఆటోవాడు మనుషుల కోసం అరుస్తున్నాడు.

"రెండేళ్ళుగా నా పెన్నులతో కాచిన నీళ్ళే నాకు పోశావన్నమాట," అన్నాడు సత్యానందం. గొంతు పెరగలేదు. పెరిగితే బాగుండుననిపించింది దానమ్మకి. పెళ్ళైనప్పటినుంచీ ఆయన కోపానికి ఆవిడ ఏనాడూ భయపడలేదు. ఈ మెత్తటి గొంతే ఆవిడకి కొత్త.

కోడలు జాయ్సీ లోపల్నుంచి వచ్చింది. పెద్దవాళ్ళ మధ్య కోడలు మాట్లాడకూడదంటారు. జాయ్సీ ఆ మాట ఎక్కడా వినలేదనుకోవాలి.

"మావయ్యగారూ, మీరేమీ అనుకోకపోతే ఒక మాటండి. మీ మనసు కష్టపడకూడదనే కదండీ వీళ్ళింత తంటాలు పడ్డారు? ఈయన పగలంతా షాపులో చాకిరీ చేసి, ఆపైన మీ పెన్నులు చేశారు. ఎవరికన్యాయం చేశారండి?"

"నాకమ్మా," అన్నాడు సత్యానందం.

జాయ్సీ ఇంకేదో అనబోయింది. ఆయనే అందుకున్నాడు.

"మొన్న కోతపండగనాడు చర్చిలో లేచి ఏం చెప్పాను? ఈ వయసులో కూడా ప్రభువు నా చేతులు కాపాడుతున్నాడు, నా మర ఇంకా తప్పలేదు అని సాక్ష్యం చెప్పాను. సంఘమంతా స్తోత్రం అన్నారు. మీ అత్తయ్య నా పక్కనే కూర్చుని స్తోత్రం అంది. దేవుడి ముందు నా చేత అబద్ధమాడించి, స్తోత్రం అంది."

దానమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఆ రోజు ఆ మాట తన నోటినుంచి ఎలా వచ్చిందో ఆవిడకి ఇప్పటికీ తెలియదు. అందరితోపాటు అనేసింది. అన్నాక ప్రసంగం ఒక్క ముక్క చెవికెక్కలేదు.

"పట్టాభిరామయ్యగారికీ తెలుసా ఇదంతా?"

"తెలుసండి," అంది.

"పాస్టరుగారికి?"

"తెలియదండీ, ఒట్టు."

"ఒట్లు వెయ్యకు."

ఆయన చాప మీది పెన్నులన్నీ ఒక పక్కకి నెట్టేసి లేచాడు.

ఆ పూట ఆ ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. ఎడ్విన్ షాపుకి వెళ్ళకుండా మోపెడ్ సీటు మీదే కూర్చున్నాడు. దానమ్మ కంచం పెట్టింది. సత్యానందం దాని ముందుకొచ్చి కూర్చున్నాడు, ప్రార్థన కోసం కళ్ళు మూసుకున్నాడు. ఆమెన్ అంటాడని ఎదురుచూస్తే, కళ్ళు తెరిచి కంచం పక్కకి జరిపేశాడు. ప్రార్థన మధ్యలోనే ఆగిపోయింది. దానమ్మకి అన్నం మానేసినందుకంటే అందుకే ఎక్కువ బెంగ పుట్టింది.

"రెండు ముద్దలు తినండీ. మాత్ర వేసుకోవాలి."

"జిట్రేగు మంచం కోడు ముక్క ఉండాలి. ఎక్కడుంది?"

అది దానమ్మ అత్తగారి మంచం. నల్లగా నిగనిగలాడే చేవకర్ర. పాతకాలపు ఆ మంచాన్ని కోడు కోడుగా కోసి మంచి మంచి పెన్నులు చేశాడాయన. చివరి ముక్క ఒకటి మిగిలింది.

"ఇప్పుడెందుకండీ?"

"ఒక పెన్ను చేస్తాను. ఎవరూ లోపలికి రావద్దు. వాడితో సహా."

"మిషను మీద చెయ్యేమైనా తగిలితే మీకు తెలియను కూడా తెలియదు కదండీ!"

"తెలియకపోతే నెప్పీ ఉండదు," అన్నాడాయన. ముక్క పట్టుకుని వసారా పక్క గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

లోపల మోటారు మొదలైంది. బెల్టు రెండుసార్లు జారి, మూడోసారి పట్టుకుంది. దానమ్మ తలుపు పక్కనే గోడకానుకుని కూర్చుంది. ఎడ్విన్ వచ్చి తల్లి పక్కన చతికిలపడ్డాడు.

"నేనే చెప్పేసి ఉండాల్సిందమ్మా," అన్నాడు మెల్లిగా. "వేళ్ళు పోయాయి నాన్నగారూ, ఇంక మానెయ్యండి అని చెప్పేసి ఉంటే ఒక్కసారితో పోయేది."

"నేను చెప్పనివ్వలేదురా."

"అవునులే."

చాలాసేపటికి మోటారు వేగం తగ్గింది. మర కోసేటప్పుడు లేతు నెమ్మదిగా తిరగాలి. దానమ్మ తలుపుకి చెవి ఆనించింది. పెన్ను చేయడం ఆవిడకి రాదు. కానీ కాపురానికొచ్చిన నాటినుంచీ ఈ గోడవతల కూర్చుని కూరలు తరిగింది, పిల్లల్ని పెంచింది. ఉలి మర తప్పితే గరగరమంటుంది, గుచ్చుకుంటే కీచుమంటుంది. సరిగ్గా నడిస్తే సన్నగా, ఒకేలా, గుడ్డ చించినట్టు పోతుంది. రెండేళ్ళుగా ఆ సన్నటి చప్పుడు ఆవిడ వినలేదు.

ఇప్పుడు వినబడుతోంది.

"అమ్మా," అన్నాడు ఎడ్విన్.

"ష్."

మళ్ళీ వినబడింది. ఆగింది. మూత పెట్టి చూస్తున్నట్టున్నాడు. మళ్ళీ అదే చప్పుడు. దానమ్మ కళ్ళు మూసుకుని ప్రార్థన చేసింది. ఈ ఒక్కటి చాలు ప్రభువా, ఇంకేమీ అడగను అంది. ఎన్నేళ్ళ పనో వేళ్ళు మర్చిపోయినా భుజానికి గుర్తుందేమో, కోపానికి గుర్తుందేమో, దేవుడే జాలిపడ్డాడేమో, ఎవరికి తెలుసు? ఆ చప్పుడు మాత్రం చివరిదాకా తప్పలేదు.

తలుపు తెరుచుకుంది. సత్యానందం జుట్టు నిండా కర్రపొట్టు. ఎడంచేతి చూపుడువేలు నుంచి నెత్తురు కారుతోంది. ఆయన దాన్ని చూసుకోనే లేదు.

"అయ్యో, తెగిందండీ!"

"ఇది చూడు ముందు."

దానమ్మ పెన్ను అందుకుంది. నల్లటి కర్ర మీద నెత్తురు మరక. తుడిచి, మూత విప్పింది. విప్పుతున్నప్పుడే తెలిసిపోయింది. ఎక్కడా బిగుసుకోవడం లేదు, ఎక్కడా ఊగడం లేదు. మళ్ళీ పెట్టింది. చుట్లు తిరిగి, చివర బుద్ధిగా ఆగింది. విప్పింది, పెట్టింది, విప్పింది. పక్కనున్న ఎడ్విన్ చాప మీది ఒక పెన్ను తెచ్చి దానికి ఈ మూత పెట్టి చూశాడు. పట్టలేదు. ఈ మూత ఆ ఒక్క పెన్నుదే.

దానమ్మకి ఏడుపు ఆగలేదు. "పట్టిందండీ," అంది. "ఎంత బాగా పట్టిందో! మన పెళ్ళినాటి పెన్నుల్లా ఉందండీ."

సత్యానందం ఆవిడ మొహంలోకి చూశాడు. ఆ చూపులో ఆశ ఉంది. ఒక్క క్షణం నిజంగా ఉంది. తర్వాత పోయింది.

"రెండేళ్ళుగా నువ్వీ మాటే చెప్పావు," అన్నాడు.

"ఇది నిజమండీ!"

"అప్పుడూ ఇలాగే చెప్పావు."

"నాన్నగారూ, నేను చూశాను కదండీ, నిజంగానే..."

"నువ్వు మీ అమ్మ కొడుకువి."

"పోనీ మీరే తిప్పి చూసుకోండి."

"చూశాన్రా. మూత కూర్చుంది. బలవంతంగా తిప్పితే చెడిపోయిన మర కూడా కూర్చుంటుంది. తేడా తెలిసేది వేళ్ళకే." నెత్తురోడుతున్న చెయ్యి ఎత్తి చూపించాడు. "ఇవి నాకు మాట చెప్పడం మానేశాయి. ఇన్నాళ్ళూ మీరు చెబితే నమ్మాను."

"పట్టాభిరామయ్యగారిని పిలిపించనా అండీ?" అంది దానమ్మ. ఆ పేరెత్తిన క్షణమే ఎత్తకుండా ఉంటే బాగుండేదనుకుంది.

"ఆయనా మీవాడేగా. ఈ వీధిలో నన్నెరిగినవాళ్ళందరూ మీవాళ్ళే. అందరూ మంచివాళ్ళే. నన్నెరగని మనిషి చెప్పాలి." చెయ్యి చాచాడు. "ఇటివ్వు."

కళ్ళ నిండా నీళ్ళతో దానమ్మ మూత పెట్టి పెన్ను ఇచ్చేసింది. ఆయన చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి నడిచాడు.

ఇంటికి నాలుగడుగుల దూరంలో ఏలూరు బస్సు ఆగే చోటు. భుజాన సంచీతో, చేతిలో సెల్‌ఫోనుతో ఒకమ్మాయి నిలబడి ఉంది. ఇంజినీరింగు కాలేజీ పిల్లలా ఉంది, చూడబోతే పొరుగూరిది.

"అమ్మా, ఈ ఊరేనా మీది?" అన్నాడు సత్యానందం.

"కాదండి తాతగారూ. ఏలూరండి."

"ఒక్క సాయం చెయ్యమ్మా. ఈ పెన్ను మూత తీసి పెట్టి, ఎలా ఉందో చెప్పు. మొహమాటం లేకుండా చెప్పాలి. బాగా లేకపోతే బాగా లేదనే చెప్పు."

అమ్మాయి పెన్ను తీసుకుంది. "అబ్బ, భలే ఉందండీ! కర్రతో చేశారా?" అంటూ ఒక చేత్తో పెన్ను, ఇంకో చేత్తో మూత పట్టుకుంది. పట్టుకుని, బాల్‌పెన్నుల మూత తీసినట్టు ఒక్క లాగు లాగింది.

ఇంటి గుమ్మంలోంచి చూస్తున్న దానమ్మ "తిప్పమ్మా!" అని అరిచేసరికే టప్‌మని చప్పుడైంది.

మూత ఊడొచ్చింది. దాని అంచున సన్నటి పెచ్చు లేచి రోడ్డు మీద పడింది.

"అయ్యయ్యో! తాతగారూ, సారీ అండీ. లాగితే వస్తుందనుకున్నానండి. ఇలాంటి పెన్ను నేనెప్పుడూ..."

"పరవాలేదమ్మా," అన్నాడు సత్యానందం. ఎంత మర్యాదగా అన్నాడో! "నీ తప్పేం లేదు. మంచి మర లాగితే ఊడదు. ఊడిందంటే మర లేనట్టే. నువ్వొక్కదానివే నిజం చెప్పావు."

దానమ్మ పరుగెత్తుకొచ్చింది. ఇచ్చేటప్పుడు ఏడుస్తూ ఎన్ని చుట్లు తిప్పిందో గుర్తుచేసుకుంది. ఒక్కటి. ఒక్క చుట్టు తిప్పి ఆయన చేతిలో పెట్టేసింది.

"నాదేనండీ తప్పు! నేను మూత బిగించలేదండీ. ఒక్క చుట్టే తిప్పి ఇచ్చాను. మొత్తం బిగిస్తే ఎవరు లాగినా వచ్చేది కాదండీ. దేవుడి తోడు!"

సత్యానందం ఆవిడ వైపు తిరిగాడు. కోపం లేదు. చంటిపిల్లని చూసినట్టు జాలిగా చూశాడు.

"ఇది కూడా బాగానే చెప్పావు దానమ్మా."

ఏలూరు బస్సు వచ్చి ఆగింది. అమ్మాయి పెన్నూ మూతా దానమ్మ చేతిలో పెట్టి, ఇంకోసారి క్షమాపణ చెప్పి ఎక్కేసింది. ఆమె వెనకే సత్యానందం మెట్టు మీద కాలు పెట్టాడు.

"ఎక్కడికండీ? ఏవండీ! కాళ్ళకి చెప్పులైనా లేవు!"

"పట్టాభిరామయ్యగారి కొట్టుకి. ఆయన అద్దాల బీరువా మీద నా పేరు రాసుంటుంది కదా. చెరిపేసి వస్తాను."

"వచ్చేస్తారు కదండీ?"

ఆయన వినలేదో, విని ఊరుకున్నాడో. బస్సు కదిలింది. వెనక ఎడ్విన్ మోపెడ్‌ని తొక్కుతున్నాడు, అది స్టార్టవడం లేదు.

దానమ్మ మూతని వెలుగుకి పెట్టి లోపలికి చూసింది. అంచున ఉన్న మొదటి చుట్టు ఒక్కటే చిట్లింది. దాని లోపల మిగిలిన మర చుట్లన్నీ సన్నగా, నల్లగా, ఎక్కడా చెదరకుండా ఉన్నాయి. ఒక్క చుట్టే బిగించి ఉందనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. కళ్ళున్న ఎవరైనా చూసి చెప్పగలరు, వేలు పెట్టి తడిమినా తెలుస్తుంది. శుక్లాలు కమ్మిన ఆయన కళ్ళకి మాత్రం ఆ గీతలు కనబడవు, ఆయన వేళ్ళకి తెలియవు. చూసి చెప్పాల్సింది మళ్ళీ దానమ్మే.